రెండవ దారి

2024 సెప్టెంబరు తొలి దినాలలో కుండపోత వానలకు కోదాడ జలమయమైంది. హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారిపై రాకపోకలు స్తంభించాయి. సూర్యాపేట, కోదాడల మీదుగా సాగవలసిన వాహనాలను అధికారులు నార్కెట్‌పల్లి వద్ద మళ్ళించి, మిర్యాలగూడ మీదుగా గుంటూరు వైపు పంపారు. దూరం పెరిగినా ప్రయాణం ఆగలేదు.

కంప్యూటర్ల మధ్య సాగే సమాచారాన్ని ఇట్లే మళ్ళించే యంత్రం రౌటరు. దీనిని 'మార్గదర్శి' అనవచ్చును గాని, వాడుకలో రౌటరు అన్న మాటే స్థిరపడింది. సమాచారాన్ని భద్రపరచి అడిగినవారికి అందించే కంప్యూటరు సర్వరు. అది ఎంత దృఢమైనదైనా, చేరే దారి తెగితే నిరుపయోగమే.

నిర్వాహకులు స్వయంగా రాసిపెట్టిన దారి స్థిరమార్గం. సాధారణంగా వారు మార్చేవరకు అది మారదు. ఓఎస్‌పీఎఫ్ అనే విధానంలో మాత్రం రౌటర్లు పరస్పరం పలకరించుకుంటాయి. సాధారణంగా ప్రతి 10 సెకన్లకొక పలకరింపు. 40 సెకన్లపాటు పొరుగు రౌటరు పలుకు వినబడకపోతే, ఆ దారి తెగినట్లు ఎంచి మరొక దారిని పడతాయి.

ఆ మరొక దారి ఉండాలి గదా! సూర్యాపేట నుండి కోదాడకు ఒకే రహదారి అంచున రెండు కేబుళ్ళు పరచినా, ఒక్క వరదకో ఒక్క పొక్లెయిన్ దెబ్బకో రెండూ తెగవచ్చు. రెండవది మిర్యాలగూడ, హుజూర్‌నగర్‌ల మీదుగా వచ్చినప్పుడే నిజంగా రెండవది. వివేకులైన నిర్వాహకులు వానాకాలానికి ముందే, పనివేళలు ముగిశాక, మొదటి కేబులును కావాలనే తొలగించి, సర్వరు బదులు పలుకుతున్నదో లేదో పరీక్షిస్తారు.