నీట మునిగినట్లు కల వస్తే

నీటిలో మునిగిపోతున్నట్లు కల వచ్చిందనగానే జలగండమని భయపడి శాంతులకు పూనుకొనే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. మురికినీటిలో మునిగినట్లు కల రావడం అశుభమని చరక సంహిత ఇంద్రియస్థానంలో ఉన్నమాట నిజమే. కాని అదే అధ్యాయంలో కలలను దృష్టం, శ్రుతం, అనుభూతం, ప్రార్థితం, కల్పితం, భావికం, దోషజం అని 7 విధాలుగా విభజించి, మొదటి ఐదింటికీ ఫలం లేదని చెప్పబడింది. దీనిని ఎవరూ చదవరు! పగలు వరద దృశ్యాలు చూసినవారికి రాత్రి వరద కలలోకి రావడం దృష్టమే.

దోషజమే వైద్యునికి ముఖ్యం. కఫప్రకృతి గలవారికి కలలో జలాశయాలు కనిపిస్తాయని వాగ్భటుడు చెప్పాడు. అయితే కొలను కనిపించడం వేరు, ఊపిరాడక లేవడం వేరు. దానికి తోడు పెద్ద గురక, ఉదయం తలనొప్పి, పగటిపూట కునికిపాట్లు ఉంటే, కల అర్థం వెదకడం మాని శ్వాసను గమనించాలి. నిద్రలో గొంతు మార్గం మూసుకొని 10 సెకన్లు, అంతకు మించి శ్వాస ఆగే వ్యాధి ఒకటున్నది. రోగికి ఇది తెలియదు. ప్రక్కన పడుకొన్నవారే కనిపెట్టగలరు. అశ్రద్ధ చేస్తే రక్తపోటు పెరుగుతుంది. ఇట్టివారు మద్యం విడిచి, సొంతంగా నిద్రమాత్రలు వేసుకోక, వైద్యుని సలహాపై నిద్ర పరీక్ష చేయించుకోవాలి.

మిగిలినవారు నిద్రకు 2, 3 గంటల ముందే మితంగా భుజించి, ప్రక్కకు తిరిగి పడుకొంటే మంచిది. రాత్రివేళ పెరుగు కూడదని చరకుని మాట. మన ఇండ్లలో ఇది కష్టమే, పలుచని మజ్జిగతో సరిపెట్టుకోవచ్చు.