సాలెపురుగులకు భయపడవద్దు, బూజుకర్ర చాలు



మన పల్నాటి ఇళ్లలో నాపరాళ్ల సందుల్లో, అటకల మీద, మిరప బస్తాల వెనుక సాలెపురుగులు గూళ్లు కట్టడం మామూలే. అవి దోమలను, ఈగలను తిని బ్రతుకుతాయి. వాటివలన మనుషులకు హాని కలగడం బహు అరుదు. అయితే వాటికి భయపడి మనం చేసే రెండు పొరపాట్లు ప్రమాదకరమైనవి.

మొదటిది: పత్తికి, మిరపకు కొట్టగా మిగిలిన పురుగుమందును ఇంట్లో చల్లడం. అది ఊపిరి ద్వారాను, చర్మం ద్వారాను ఒంట్లోకి చేరుతుంది. నేలమీద పాకే పసిబిడ్డలకు మరింత ముప్పు. వాంతులు, చొంగ, చెమటలు, ఆయాసం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.

రెండవది: ఒంటికి ఒకవైపున మంటతో నీటిపొక్కులు లేస్తే "సాలెపురుగు పాకింది" అని పసరు పూయడం. అది తరచుగా సర్పి. ఎప్పుడో వచ్చిన ఆటలమ్మ వైరస్ నరాలలో దాగి ఉండి, మరల లేవడం వలన వస్తుంది. 72 గంటలలోపు మందులు మొదలుపెడితే మేలు. కంటి దగ్గర వస్తే చూపుకే ప్రమాదం. ఆ రోజే డాక్టరుకు చూపించండి.

ఏమి చేయాలి?
1. వారానికొకసారి బూజుకర్రతో మూలలు దులపండి.
2. గోడల సందులు సిమెంటుతో పూడ్చండి.
3. రాత్రి వాకిట్లో లైటు అనవసరంగా వెలిగించకండి. పురుగులు తగ్గితే సాలెపురుగులూ తగ్గుతాయి.
4. బస్తాలు, కట్టెలు తీసేముందు కర్రతో కదపండి. అక్కడ తేలు ఉండవచ్చు.

యోబు గ్రంథము 8వ అధ్యాయములో సాలెగూడు నిలువని ఆశ్రయానికి గుర్తుగా చెప్పబడింది. దులిపితే రాలిపోయే గూటికి విషమెందుకు?