పరిచయములు: సంపాదించుట, నిలుపుకొనుట

ఉన్నత పాఠశాల చదువు ముగియవచ్చిన విద్యార్థుల తల్లిదండ్రులు మమ్ము తరచుగా ఒక ప్రశ్న అడుగుచుందురు: "మాకు పెద్దవారెవ్వరును తెలియరు. మా పిల్లవానికి దారి చూపువారెవరు?" హోసూరులోనైనను, బళ్ళారిలోనైనను, బరంపురములోనైనను, షోలాపూరులోనైనను తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. దీని వెనుక నిజమైన భయము కలదు. ఇంట తెలుగు, బజారున ఆ రాష్ట్రపు భాష, కళాశాలలో ఇంగ్లీషు. ఇట్లు మూడు భాషల నడుమ పెరిగిన బాలునకు చదువు ఉండియు, ఆ చదువును గుర్తింపగలవారి యెదుటికి పోవు త్రోవ తెలియకపోవచ్చును.

ఈ పాఠమున మేము చెప్పదలచినది ఒక్కటే. పరిచయములు పుట్టుకతో వచ్చు ఆస్తి కావు. అవి నేర్చుకొనదగిన విద్య. తన పనిని చూపుట, వినయముతో అడుగుట, పొందిన మేలును మరువకుండుట అను మూడును ఆ విద్యకు అంగములు.

పరిచయము వేరు, సిఫారసు వేరు

ముందుగా ఒక పొరపాటును తొలగించుకొందము. అర్హతను పరీక్షింపక, ఎవరో పెద్దవారి మాటపై పని సంపాదించుటను సిఫారసు అందురు. అది అర్హుడైన మరియొకనికి అన్యాయము చేయును. వృత్తి పరిచయము అట్టిది కాదు. మన పని ఎట్టిదో తెలిసిన మనిషి మనకును, వారి పని ఎట్టిదో తెలిసిన మనము వారికిని పరిచయస్థులము. నూలు అమ్మువాడు, రంగులు అద్దువాడు, బట్ట కొనువాడు తెలియనిదే నేతగాని మగ్గము ఆడదు. వారెవ్వరును ఆతని బట్ట చూడకుండ బేరమాడరు. చూచిన తరువాతనే నమ్మకము, నమ్మకము తరువాతనే పరిచయము.

రామానుజము నడచిన దారి

దీనికి మన పొరుగు నేలపై జరిగిన గొప్ప నిదర్శనము కలదు. శ్రీనివాస రామానుజము 1887 డిసెంబరు 22వ తేదీన ఈరోడులో జన్మించెను. గణితముననే మునిగి ఇతర విషయములను విడిచినందున కళాశాల పరీక్షలలో తప్పెను. పట్టము లేదు, ధనము లేదు, ఉద్యోగము లేదు. తాను కనుగొన్న ఫలితములు వ్రాసికొన్న నోటు పుస్తకములు మాత్రము ఉన్నవి.

1910లో ఆయన పుస్తకము చేతబట్టుకొని తిరుక్కోయిలూరు వెళ్ళి, అచ్చట డిప్యూటీ కలెక్టరుగా నుండిన వి. రామస్వామి అయ్యరును చూచెను. అయ్యరు 1907లో భారత గణిత సంఘమునకు మూలపురుషుడైన వాడు. రామానుజము కోరినది కచేరీలో ఒక చిన్న గుమాస్తా పని. అయ్యరు పుస్తకము పరిశీలించి, ఇట్టివానిని ఆ పనిలో బంధించుట తగదని తలచి, ఉద్యోగమునకు మారుగా మద్రాసులోని గణితజ్ఞులకు పరిచయలేఖ ఇచ్చి పంపెను. అచ్చట పి. వి. శేషు అయ్యరు ఆయనను, ఆ కాలమున నెల్లూరు కలెక్టరుగా నుండిన ఆర్. రామచంద్రరావు నొద్దకు పొమ్మనెను. రామచంద్రరావునకు మొదటిమారే నమ్మకము కుదరలేదు. రామానుజము పలుమారులు వెళ్ళి తన లెక్కలను వివరింపగా, చివరకు ఒప్పుకొని, కొంతకాలము తన సొంత ధనముతో నెలనెలా పోషించెను.

1911లో గణిత సంఘపు పత్రికలో రామానుజము వ్యాసము వెలువడెను. 1912 మార్చి 1వ తేదీన మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల జీతముపై గుమాస్తాగా చేరెను. అచ్చటి అధికారి నారాయణ అయ్యరు గణితము తెలిసినవాడు. ఆయనయు, అధ్యక్షుడగు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగును రామానుజమును ప్రోత్సహించిరి. ఇంగ్లండులోని పండితులకు వ్రాసిన తొలి లేఖలు ఫలింపలేదు. 1913 జనవరి 16వ తేదీన కేంబ్రిడ్జిలోని జి. హెచ్. హార్డీకి వ్రాసిన లేఖ ఫలించెను. హార్డీ ఫిబ్రవరి 8వ తేదీన జవాబు వ్రాసెను. 1914 మార్చి 17వ తేదీన రామానుజము ఓడ యెక్కెను. 1918లో రాయల్ సొసైటీ సభ్యుడాయెను.

విద్యార్థులారా! ఈ గొలుసును జాగ్రత్తగా గమనింపుడు. తిరుక్కోయిలూరు అధికారికి హార్డీతో ఆయనను కలుపు శక్తి లేదు. ఆయన తరువాతి మెట్టును మాత్రమే చూపెను. ప్రతివాడును ఒక్కొక్క మెట్టే చూపెను. రెండవది, ప్రతి గడపకును రామానుజము వట్టి చేతులతో పోలేదు. తన పనితో పోయెను. మూడవది, ఒకరు నమ్మకున్నను, ఒకరు సాయపడకున్నను ఆయన ఆగలేదు. హార్డీకి వ్రాసిన లేఖలో తన ఉద్యోగమును, స్వల్పమైన జీతమును దాచక చెప్పి, తన సిద్ధాంతములను జతపరచి, సలహా కోరెను. అడగనిదే అమ్మయినా పెట్టదని మన పెద్దలు చెప్పిన సామెతకు ఇంతకంటె మంచి ఉదాహరణ అరుదు.

దూరపు పరిచయముల బలము

రామానుజమునకు దారి చూపినవారిలో అయినవారు లేరు. ఇది వింతగా తోచవచ్చును గాని, దీనికి కారణము కలదు. అమెరికా సమాజశాస్త్రజ్ఞుడు మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రకటించిన వ్యాసము దీనిని వివరించినది. బోస్టను నగరము చెంతనున్న న్యూటను పట్టణమున, తెలిసినవారి మూలమున క్రొత్త ఉద్యోగము పొందినవారిని ఆయన ప్రశ్నించెను. ఆ వార్త చెప్పినవారిని తరచుగా కలిసికొనుచుంటిమని నూటికి 17 మంది మాత్రమే చెప్పిరి. తక్కిన 83 మందియు వారిని అప్పుడప్పుడో, అరుదుగనో చూచువారే.

కారణము సులభముగ తెలియును. మన అన్నదమ్ములకును, ఇరుగుపొరుగువారికిని తెలిసిన వార్తలు మనకును ముందే తెలిసియుండును. వేరొక వీధిలో, వేరొక వృత్తిలో, వేరొక భాషలో మెలగువారు మనకు తెలియని వార్త తేగలరు. 2022లో "సైన్స్" పత్రికలో ప్రకటింపబడిన పరిశోధన, లింక్డిన్ అను వృత్తి పరిచయ వేదికలోని 2 కోట్ల మందిపై 5 సంవత్సరములు జరిగినది. ఉద్యోగము మారుటకు మిక్కిలి ఉపకరించునవి అతి సన్నిహిత బంధములు కావనియు, ఏమాత్రము సంబంధము లేని పేర్లును కావనియు, నడిమి దూరపు పరిచయములే యనియు అది చూపినది.

ఈ విషయము మనకు మిక్కిలి ముఖ్యము. పొరుగు భాషల నడుమ నివసించు మన కుటుంబములు ఒకరినొకరు గట్టిగా పట్టుకొని బ్రతికినవి. పెండ్లికి, చావునకు, కరవునకు ఆదుకొన్నది ఆ బంధమే. దానిని మేము తక్కువ చేయము. కాని ఆ బంధములోపలనే తిరుగువారికి క్రొత్త వార్త చేరుట కష్టము. కావున మన విద్యార్థులు రెండు వంతెనలు కట్టుకొనవలెను. తామున్న రాష్ట్రపు భాష మొదటి వంతెన. తమిళమో, కన్నడమో, ఒడియాయో, మరాఠీయో చక్కగా చదివి వ్రాయగలవానికి ఆ ఊరి బ్యాంకు, ఆసుపత్రి, కర్మాగారము పరాయివి కావు. మాతృభాష రెండవ వంతెన. హైదరాబాదు, విశాఖపట్టణములందేకాక విదేశములందును ఉన్న తెలుగువారిని పలుకరించుటకు అది చాలును. తెలుగు విడిచిననే పైకి వత్తుమను మాట తప్పు. తెలుగొక్కటే చాలునను మాటయు తప్పు.

ముఖాముఖి పరిచయము

ఎక్కడ మొదలిడవలెను? ఒక నోటు పుస్తకము తీసికొని, తాము చేయదలచిన వృత్తికి చేరువగా నున్న పదిమంది పేర్లు వ్రాయుడు. మందుల దుకాణమునందలి ఫార్మసిస్టు, విద్యుత్ శాఖ ఉద్యోగి, మన పాఠశాల పూర్వ విద్యార్థి, బస్సు డిపోలోని మెకానిక్కు, ఆరోగ్య కేంద్రపు నర్సు, వీరందరును అందుబాటులోనివారే.

కలియుటకు ముందు వారి పనిని గూర్చి కొంత తెలిసికొనుడు. వారి తీరికవేళ అడిగి, పావుగంట కాలము మాత్రమే కోరుడు. మొదటి కలయికలోనే ఉద్యోగము అడుగరాదు; ప్రశ్న అడుగవలెను. "ఈ పనికి మీరెట్లు సిద్ధపడితిరి? నా వయస్సులో ఏది నేర్చియుండిన మీకు మేలయ్యెడిది?" అను ప్రశ్నలకు సంతోషముతో జవాబు చెప్పువారు పెక్కుమంది. సెలవు తీసికొనునపుడు, "నేను మరియెవరిని కలిసికొనుట మంచిది?" అని అడుగుడు. రామానుజము గొలుసు ఇట్లే పెరిగినది. నోరు మంచిదైతే ఊరు మంచిదను సామెత ఇచ్చట అక్షరాల వర్తించును.

లేఖ వ్రాయునపుడు మర్యాదయు, క్లుప్తతయు, స్పష్టతయు ఉండవలెను. మాదిరిగా నొక లేఖ:

"ఆర్యా, నమస్కారములు. నేను మన పాఠశాలలో పదవ తరగతి చదువుచున్నాను. తామును ఇచ్చటనే చదివితిరని మా ఉపాధ్యాయులు చెప్పిరి. నాకు విద్యుత్ యంత్రములపై ఆసక్తి కలదు. పాడైన ఫ్యానును ఉపాధ్యాయుల యెదుట విప్పి బాగుచేసిన విధమును పటములతో ఒక పుటగా వ్రాసి దీనితో పంపుచున్నాను. పదవ తరగతి తరువాత పాలిటెక్నిక్కులో చేరుట మేలో, సామాన్య విద్య కొనసాగించుట మేలో తమ అభిప్రాయము తెలుపగోరుచున్నాను. తమకు తీరిక లేనిచో, నేను అడుగదగిన మరియొకరి పేరు తెలిపినను కృతజ్ఞుడను."

ఈ లేఖలో వ్రాసినవాడెవరో, ఎట్లు తెలిసినదో, ఏమి చేయగలడో, ఏమి కోరుచున్నాడో నాలుగును గలవు. చదువువానికి శ్రమ లేదు.

ఇంటర్నెట్టు ద్వారా పరిచయము

నేడు లేఖ ఓడలో పోనక్కరలేదు; క్షణములో ఖండములు దాటును. లింక్డిన్ 2003లో ప్రారంభమైన వేదిక. 16 సంవత్సరములు నిండనివారు అందు చేరరాదు. అంతకు చిన్నవారు తల్లిదండ్రుల యెదుట, వారి ఈ-మెయిలు ద్వారా పై విధమైన లేఖలు పంపవచ్చును.

చేరినవారు తమ పేరును, చదువును, చేసిన పనులను ఉన్నవి ఉన్నట్లు వ్రాయవలెను. తెలియని విద్య తెలియునని వ్రాసినచో మొదటి ప్రశ్నకే గుట్టు బయటపడును. ముద్దుపేర్లతో గాక సొంత పేరుతో ఈ-మెయిలు చిరునామా పెట్టుకొనుట మంచిది. పరిచయము కోరునపుడు వట్టి ఆహ్వానము పంపక, కారణమును రెండు వాక్యములలో తెలుపవలెను. వాట్సాప్ బృందములలో ప్రతి ఉదయము పూలబొమ్మలు పంపుట పరిచయము కాదు. ఒక పరీక్ష ప్రకటననో, విద్యార్థి వేతనపు గడువునో సరిచూచి తెలుపుట పరిచయము.

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. ఉద్యోగమిత్తుమని ముందుగా డబ్బు అడుగువారిని నమ్మరాదు. ఆధారు సంఖ్య, బ్యాంకు వివరములు, ఫోనునకు వచ్చిన ఓటీపీ ఎవరికిని చెప్పరాదు. ఇంటర్నెట్టులో పరిచయమైనవారిని మొదటిసారి కలియుటకు పిల్లలను ఒంటరిగా పంపరాదు. మోసపోయి సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. ఈ భయముచేత ఆడపిల్లలకు మాత్రము అవకాశము మూయుట న్యాయము కాదు. జాగ్రత్త ఇరువురికిని సమానముగ నేర్పవలెను.

నిలుపుకొనుట

పరిచయము మొక్కవంటిది, నాటుటకంటె నీరు పోయుట కష్టము. కలిసిన రెండు దినములలోగా కృతజ్ఞత తెలుపుడు. వారి సలహా ననుసరించి చేసిన పని ఏమైనదో తప్పక చెప్పుడు. ఫలితము చెప్పకపోవుట తీర్చని అప్పు. సంవత్సరమునకు ఒకటి రెండుమారులు, ఏమియు కోరకుండ క్షేమము విచారింపుడు. నోటు పుస్తకమున వారి పేరు, కలిసిన దినము, చెప్పిన మాట వ్రాసియుంచినచో మరపు రాదు.

చిన్నవారమగు మేమేమి ఇయ్యగలమని మీరడుగవచ్చును. రెండు మూడు భాషలు వచ్చిన మీరు ఈయగలిగినది చాల కలదు. పొరుగింటి వృద్ధునకు వచ్చిన ప్రభుత్వపు ఉత్తరమును చదివి అర్థము చెప్పుట, దుకాణదారునకు తెలుగు పలక వ్రాసియిచ్చుట, క్రింది తరగతివానికి లెక్కలు నేర్పుట, ఇవన్నియు పరిచయమునకు పునాదులే.

రామానుజము 1920లో స్వర్గస్థుడయ్యెను. 1927లో ఆయన వ్యాస సంపుటము కేంబ్రిడ్జిలో వెలువడినపుడు, సంపాదకులుగా హార్డీ, విల్సనులతోపాటు మద్రాసులో ఆయనకు దారి చూపిన శేషు అయ్యరు పేరును ఉన్నది. శేషు అయ్యరును, రామచంద్రరావును వ్రాసిన జీవిత విషయములును అందున్నవి. గొలుసులోని తొలి కొక్కెములు చివరి కొక్కెముతో అచ్చట కలిసికొన్నవి. పనిపై గౌరవముతో ఏర్పడిన పరిచయము మనిషి గతించినను నిలుచును.

"మాకెవ్వరును తెలియరు" అను మాటకు మా జవాబు ఇదియే: ఒక్కరు తెలిసిన చాలును; ఆ ఒక్కరికి చూపదగిన పని మీ చేత నుండవలెను.

అభ్యాసము

1. పరిచయమునకును, సిఫారసునకును గల భేదమును మీ ఊరి ఉదాహరణలతో వ్రాయుడు.
2. రామానుజమునకు సహాయపడినవారిని వరుసగా పేర్కొని, ఒక్కొక్కరు చూపిన మెట్టు ఏదో తెలుపుడు.
3. దగ్గరివారికంటె దూరపు పరిచయస్థులు క్రొత్త వార్తలు తెచ్చుటకు కారణమేమి?
4. మీరు కలిసికొనదలచిన పదిమంది జాబితా వ్రాసి, వారిలో ఒకరికి లేఖ వ్రాసి, తల్లిదండ్రులకు చూపి పంపుడు.