గతుకుల దారిలో పిడికిలి సడలించండి

చెన్నైలో సైకిల్ కొన్నవాళ్లు మొదట ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) ఎక్కుతారు. చీకటితోనే తిరువాన్మియూర్‌లో బయలుదేరి, ముట్టుకాడు దాకానో మహాబలిపురం దాకానో వెళ్లి, ఎండెక్కేలోగా ఇల్లు చేరతారు. మంచి అలవాటే. కానీ నున్నటి తారురోడ్డు కాళ్లకు బలం ఇస్తుంది తప్ప మనిషికి నిబ్బరం ఇవ్వదు. అది కావాలంటే ఒక ఆదివారం తిరువళ్లూరు మీదుగా పూండి వైపు వెళ్లండి.

పూండి మనకు పరాయి ఊరేం కాదు. 1996లో తెలుగుగంగ కాలువ వెంట కృష్ణా నీళ్లు మొదటిసారి వచ్చి చేరింది ఇక్కడి జలాశయానికే. చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నారు. అక్కణ్నుంచి గుడియం గుహల వైపు మళ్లితే తారు అయిపోతుంది. మిగిలేది మట్టి, దాని మీద గుండ్రటి గులకరాళ్లు. ఆదిమానవులు చేతిగొడ్డళ్లు చెక్కుకున్నది ఇలాంటి రాళ్లతోనే. 1863లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ముందు పల్లావరంలో, తర్వాత ఈ పక్కనే అత్తిరంపాక్కంలో వాటిని గుర్తించాడు. ఎంత చరిత్ర ఉన్న రాయైనా ముందు చక్రం కింద పడితే జారుతుంది.

జారగానే మనం ఏం చేస్తాం? హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటాం. భుజాలు బిగుసుకుంటాయి. చూపు ఆ రాయి మీదే ఆగిపోతుంది. చూపు ఎటుంటే చక్రం అటే పోతుంది కాబట్టి, తప్పించుకోవాలనుకున్న రాయికే వెళ్లి గుద్దుకుంటాం.

ఆ దారుల్లో పాలక్యాన్లు కట్టుకుని వెళ్లేవాళ్లను గమనించండి. నేను ఒక పెద్దాయన వెనక చాలాదూరం వెళ్లాను. వెనక రెండు క్యాన్లు, పాత సైకిల్. గుంత రాగానే ఆయన సీటు మీంచి కాస్త లేచేవాడు. మోచేతులు వంగి ఉండేవి, వేళ్లు హ్యాండిల్‌ను ఊరికే తాకి ఉండేవి. కళ్లు మాత్రం పదడుగుల అవతల, గట్టి నేల ఎక్కడుందో అక్కడ. నా అవస్థ చూసి, "అంత బిగబట్టబాక సామీ, దాని పాటికి దాన్ని పోనీ" అన్నాడు.

ఆయన మాటలో శాస్త్రం ఉంది. కదులుతున్న సైకిల్ ఎటు ఒరిగితే ముందు చక్రం అటు కొంచెం తిరిగి, తనను తానే నిలబెట్టుకుంటుంది. చేతులు బిగిస్తే ఆ పని చేయనివ్వం. పదో తరగతి పిల్లవాడికి మార్కులు తగ్గిన నెలలో తండ్రి చేసేదీ ఇదే. ఇంకో ట్యూషన్ పెడతాడు, ఫోన్ లాక్కుంటాడు, గంటకోసారి "చదివావా?" అంటాడు. వాడు తనంతట తాను సర్దుకునే చోటు మిగలదు. వదిలేయమని కాదు, చెయ్యి హ్యాండిల్ మీదే ఉండాలి, పిడికిలి బిగియకూడదు.

ఇసుక వస్తే ముందు బ్రేకు ముట్టుకోకండి, తొక్కడం ఆపకండి. ఆగితే చక్రం కూరుకుపోతుంది. మరీ లోతైన ఇసుకైతే దిగి నడిపించండి, అందులో నామోషీ ఏమీ లేదు.

బయలుదేరే ముందు టైర్లలో గాలి కొంచెం తగ్గించండి. బొటనవేలితో నొక్కితే కాస్త లొంగాలి. మరీ తగ్గిస్తే ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. అసలు సైకిల్‌కు గాలి టైరు వచ్చిందే గతుకుల కోసం. 1887-88లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల బండి కుదుపులు తగ్గించడానికి దాన్ని చేశాడు. ఊళ్లో రోడ్లు బాగుపడేదాకా ఆయన ఆగలేదు.

పుదుక్కోట్టై ఆడవాళ్లూ ఆగలేదు. 1990ల మొదట్లో అరివొళి ఇయక్కం అనే అక్షరాస్యత ఉద్యమంలో, కలెక్టర్ షీలారాణి చుంకత్ చొరవతో, వేలాదిమంది పల్లె మహిళలు సైకిల్ నేర్చుకున్నారు. ఈ సంగతి దేశానికి చాటిన పాత్రికేయుడు పి. సాయినాథ్ మద్రాసులో పుట్టిన తెలుగువాడే. లేడీస్ సైకిళ్లు చాలకపోతే వాళ్లు మగవాళ్ల సైకిళ్లే ఎక్కారు. అడ్డకమ్మీ మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చు, అదే మేలు అన్నవాళ్లూ ఉన్నారు. వెక్కిరింతలు పడ్డారు, అయినా నీళ్ల బిందెలు కట్టుకుని మట్టిదారుల్లో తిరిగారు. నలభై దాటాక ఏదైనా నేర్చుకోవడానికి సిగ్గుపడేవాళ్లు ఈ మహిళలను తలచుకోవాలి.

కాబట్టి లక్ష రూపాయల బండి కోసం చూడకండి. 1949లో మొదలైన టీఐ సైకిల్స్ మన అంబత్తూరుదే. అలాంటి కంపెనీల మామూలు సైకిల్, ఒకటిన్నర అంగుళం టైరుతో, ఈ దారికి సరిపోతుంది. పూండి చెన్నైకి అరవై కిలోమీటర్ల దూరం ఉంటుంది. కొత్తవాళ్లు తిరువళ్లూరు దాకా సైకిల్‌ను బండిలో వేసుకుని వెళ్లడం మంచిది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు, బురద. జనవరి, ఫిబ్రవరి అనుకూలం. గుహల దారి అడవిలోది, అనుమతి సంగతి ముందే కనుక్కోండి. తోడు లేకుండా వెళ్లకండి. ఒక ట్యూబు, చేతి పంపు, రెండు సీసాల నీళ్లు పెట్టుకోండి. పంక్చర్ వేయడం ఇంట్లోనే ఒకసారి చేసి చూసుకోండి. తిరువళ్లూరు దాటాక ఆ పని మీరే చేసుకోవాల్సి రావచ్చు.