పట్టికలలో అనువృత్తి : వినికిడి ప్రతులను గూర్చి ఒక పరిశీలన

అచ్చుపుస్తకంలోని వచనాన్ని చూపులేని పాఠకునికి అందించడం నేడు అసాధ్యం కాదు. పుటను స్కాన్ చేసి, అక్షరాలను యంత్రంచేత గుర్తింపజేసి, దోషాలు దిద్ది యూనికోడ్ పాఠంగా మారిస్తే, కంప్యూటర్‌లోని స్క్రీన్ రీడర్ దానిని వరుసగా పలుకుతుంది. చిక్కు పట్టికల దగ్గర వస్తుంది. మన ప్రాచ్య కళాశాలల చదువులో పట్టికలే ప్రాణమైన గ్రంథాలు అనేకం ఉన్నాయి. శబ్దమంజరి, ధాతుమంజరి, ఛందోగ్రంథాలు, పంచాంగాలు ఇందుకు నిదర్శనాలు.

హైదరాబాదు ట్రిపుల్ ఐటీ భాగస్వామిగా సాగిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ప్రయత్నం వల్ల వేలాది తెలుగు, సంస్కృత గ్రంథాల పుటలు చిత్రరూపంలో భద్రమైనాయి. ఆ ప్రతులనేకం ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లభిస్తున్నాయి. అయితే పుట చిత్రం చూపున్నవానికి పుస్తకం, చూపులేనివానికి మౌనం. 2012లో సవరించిన మన కాపీరైటు చట్టం వికలాంగులకు అనువైన ప్రతులు తయారుచేయడానికి అవకాశమిచ్చింది. 2013లో కుదిరిన మరాకేష్ ఒడంబడికను 2014లో అన్ని దేశాలకంటె ముందుగా ధ్రువీకరించినది భారతదేశమే. 2016లో సుగమ్య పుస్తకాలయం వెలసింది. ఇట్లా అనుమతి లభించింది. పద్ధతి మాత్రం ఆయా శాస్త్రాలు తెలిసినవారే నిర్ణయించవలసి ఉన్నది. శబ్దమంజరిలోని గడి ఏమి చెబుతున్నదో యంత్రజ్ఞునికి తెలియాలని కోరడం న్యాయం కాదు.

పట్టిక అంటే ఏమిటి? గీతలు, గడులు పట్టిక కావు. అవి కంటికి చేసిన ఉపకారం మాత్రమే. పట్టికలో ప్రతి గడీ ఒక వాక్యం. "రామాణామ్" అనే గడి "రామశబ్దానికి షష్ఠీ బహువచనరూపం రామాణామ్" అనే వాక్యానికి సంక్షేపం. అందులో షష్ఠి అనే మాట ఎడమ అంచునుండి, బహువచనమనే మాట పై అంచునుండి, రామశబ్దమనే మాట శీర్షికనుండి వచ్చి చేరుతున్నాయి. వైయాకరణులకు ఇది కొత్త కాదు. పాణినీయంలో అధికారపదం తరువాతి సూత్రాలలోనికి అనువర్తించినట్లే, పట్టికలో శీర్షపదాలు గడులలోనికి అనువర్తిస్తాయి. సూత్రపాఠంలో అనువృత్తి ఒకే దిక్కునుండి వస్తుంది. పట్టికలో రెండు దిక్కులనుండి వస్తుంది. కన్ను రెండు దిక్కులనూ ఒక్కసారే చూస్తుంది. చెవి చూడలేదు. కాబట్టి స్కాన్ చేసిన ప్రతిని సిద్ధపరచేవాడు చేయవలసిన మొదటి పని అనువృత్తిని స్పష్టం చేయడం. ఏ గడి శీర్షగడి, అది అడ్డవరుసకు చెందినదా, నిలువువరుసకు చెందినదా అన్నది ప్రతిలో గుర్తుపెట్టాలి. డైసీ, ఈపబ్ రూపాలలో ఇందుకు ఏర్పాటు ఉన్నది. అట్లా గుర్తుపెడితే విద్యార్థి ఏ గడిలో నిలిచినా "షష్ఠి, బహువచనం, రామాణామ్" అని వినగలుగుతాడు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. పాఠశాలలో మనమందరమూ శబ్దాలను వల్లెవేసి నేర్చినవారమే గదా, "రామః రామౌ రామాః" అని చెవితోనే పట్టుకొన్నాము గదా, ఈ గుర్తులన్నీ ఎందుకని. నిజమే. పట్టికను అడ్డవరుసల క్రమంలో వినిపించడం మన సంప్రదాయం ఎన్నడో కనిపెట్టిన ఉపాయం. ఆర్యభటుడు ఇరవైనాలుగు జ్యాఖండాల పట్టికను ఒక్క పద్యంలో ఇమిడ్చాడంటే అదీ చెవికోసమే. కాని వల్లెవేతలో స్థానాన్ని లెక్కే చెబుతుంది. అది మొదటినుండి నడిచేవానికి మాత్రమే అక్కరకు వస్తుంది. నడుమ ఒక్క రూపం కావలసినవాడు మళ్లీ "రామః" దగ్గరనుండి బయలుదేరాలి. పరీక్షకు కూర్చొన్న విద్యార్థికి అంత వ్యవధి ఉండదు.

పైగా లెక్క మోసం చేస్తుంది. తెలుగు లిపిలో అచ్చయిన శబ్దమంజరులు కొన్నింటిలో సంబోధన ప్రథమావిభక్తి వెంటనే ఉంటుంది. మరికొన్నింట చివర ఉంటుంది. మొదటి తీరులో ఆరవ వరుస పంచమి, రెండవ తీరులో షష్ఠి. "ఆరవ వరుస, మూడవ గడి" అని మాత్రమే పలికే ప్రతి విద్యార్థిని ఎక్కడికి చేరుస్తుందో చెప్పలేము.

ఇంతకన్న ప్రమాదకరమైనది గడి జారడం. రామాభ్యామ్ అనే రూపం తృతీయ, చతుర్థి, పంచములలో సమానం. అచ్చులో స్థలం పొదుపుకోసం ఒక్కొక్కచోట రూపానికి బదులు "పైదే" అనే గుర్తు వేస్తారు. యంత్రం ఆ గుర్తును మరక అనుకొని విడిచిపెట్టిందనుకొందాం. చతుర్థిలో ఆ ఒక్క గడి పోగానే తరువాతి రూపాలన్నీ ఒక్కొక్క స్థానం ముందుకు వస్తాయి. చతుర్థీ బహువచనం "రామాత్" అవుతుంది. షష్ఠీ బహువచనం "రామే" అవుతుంది. చూపున్నవాడు పుటను చూడగానే నవ్వుకొని దిద్దుకొంటాడు. ఆ ప్రతి ఒక్కటే ఆధారమైన మొదటి సంవత్సరపు విద్యార్థికి అదే ప్రమాణం. వాడు దానినే కంఠస్థం చేస్తాడు.

ఖాళీగడి విషయం మరింత విచారించదగినది. ఖాళీకి మూడు అర్థాలున్నాయి. పై రూపమే ఇక్కడ అనువర్తిస్తున్నదని ఒకటి. ఇక్కడ రూపమే లేదని మరొకటి. అచ్చులోనో స్కానులోనో అక్షరాలు చెడినవని ఇంకొకటి. ద్విశబ్దానికి ఏకవచన, బహువచనాల నిలువువరుసలు ఖాళీగా ఉంటే అది లోపం కాదు, శాస్త్రం. అస్మచ్ఛబ్దానికి సంబోధన లేకపోవడమూ అంతే. యంత్రం మూడింటినీ "ఖాళీ" అనే ఒక్క మాటతో చెబుతుంది. మొదటిచోట రూపాన్ని తిరిగి వ్రాయాలి, రెండవచోట "రూపం లేదు" అని, మూడవచోట "అక్షరాలు చెడినవి" అని వ్రాయాలి. దీనిని మూలానికి చేసిన మార్పుగా భావించి జంకనక్కరలేదు. అస్మచ్ఛబ్దపు ద్వితీయలో "మామ్, మా" అని ఒకే గడిలో రెండు రూపాలు వచ్చినచోట నడుమ "లేదా" అని చేర్చడమూ ఇటువంటిదే.

ధాతురూపాలలో శీర్షిక రెండంతస్తులుగా ఉంటుంది. ఉభయపది అయిన కృధాతువుకు లట్టులో పరస్మైపదానికి మూడు వచనాలు, ఆత్మనేపదానికి మూడు వచనాలు, పురుషలు మూడు, వెరసి పద్దెనిమిది గడులు. "ప్రథమపురుష, ఏకవచనం" అంటే చాలదు, కరోతి, కురుతే అనే రెండూ దానికి సరిపోతాయి. పదమేదో కూడ పలకాలి. బ్రెయిలీలో వరుసకు నలభై గడులే సాధారణం కనుక ఇంత వెడల్పైన పట్టిక పట్టదు. పరస్మైపదాన్ని, ఆత్మనేపదాన్ని రెండు పట్టికలుగా విడదీసి, పురుషల వరుసను రెండింటా మళ్లీ ఇవ్వడం మేలు.

పంచాంగానికి వస్తే చిక్కు సంకేతాక్షరాలది. "ఉ" అంటే ఉత్తరయా, ఉత్తరాషాఢయా, ఉత్తరాభాద్రయా? కన్ను కింది గడిలో హస్తను చూచిందో శ్రవణాన్ని చూచిందో దానినిబట్టి తేల్చుకొంటుంది. వినేవానికి పూర్తిపేరు ఇవ్వాలి. అంకెలు మరీ కష్టం. ఘడియల నిలువువరుసలో 12.30 అంటే సూర్యోదయం మొదలు 12 ఘడియల 30 విఘడియలు, అనగా ఐదు గంటలు. గంటల నిలువువరుసలో అదే అంకె మధ్యాహ్నం పన్నెండున్నర. కొలతపేరు గడిలోనే ఉండకపోతే మంచి గడియ చూచుకొన్నవాడు వర్జ్యంలో ప్రయాణమవుతాడు. తొండుపల్లికి చేరువనున్న శంషాబాదు విమానాశ్రయంలోని రాకపోకల పలక కూడ పట్టికే. రైలుస్టేషనులో ప్రకటన చెప్పేవారు బండి సంఖ్య, ఎక్కడినుండి, ఎక్కడికి, ఏ ప్లాట్‌ఫారం అని ప్రతి అంశాన్నీ దాని పేరుతో కలిపి పలుకుతారు. పంచాంగపు వరుసను వినిపించవలసిన తీరు అదే.

ఛందోగ్రంథాలలో గురులఘు చిహ్నాలను యంత్రం సున్నాలు, ఒకట్లుగా భ్రమిస్తుంది. "య గణం : లఘువు, గురువు, గురువు" అని మాటలలో వ్రాయడమే శరణ్యం. వృత్తలక్షణాల పట్టికను మాత్రం పట్టికగా నిలుపనక్కరలేదని నా అభిప్రాయం. "చంపకమాల : న, జ, భ, జ, జ, జ, ర గణాలు, యతిస్థానం పదకొండవ అక్షరం" అని వాక్యంగా చెబితే వినడానికి హాయిగా ఉంటుంది. వరుసను వరుసతో పోల్చి చూడవలసిన అవసరం ఉన్నప్పుడే పట్టికరూపం నిలపాలి.

చివరకు పరీక్ష విషయం. మొదటి రెండు వరుసలు సరిచూచి, స్థాలీపులాకన్యాయంగా మిగిలినవీ సరియే అనుకోవడం పరిపాటి. పట్టికకు ఆ న్యాయం పనికిరాదు. గడి జారడం నడుమ ఎక్కడో మొదలై చివరిదాకా పోతుంది. కనుక చివరి గడినుండి చూడాలి. సంబోధన ప్రథమ వెంటనే ఉన్న ప్రతిలో ఆ గడి "సప్తమి, బహువచనం, రామేషు" అని పలకాలి. మరేదైనా పలికితే, లేక ఏమీ పలకకపోతే, ఒక్కొక్క వరుసగా వెనుకకు నడిచి రూపం, శీర్షిక మళ్లీ కలిసేచోట ఆగాలి. తప్పు ఆ తరువాతి వరుసలో ఉంటుంది.