రక్త పరీక్షతో పెద్దప్రేగు క్యాన్సరు తెలుస్తుందా?

"గొట్టం వేయకుండా, రక్తం తీసి చెప్పలేరా డాక్టరు గారూ?" అని చాలామంది మమ్మల్ని అడుగుతుంటారు. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు ఈ పాఠంలో తెలుసుకుందాం.

రక్తంలో ఏమి వెతుకుతారు?

మన శరీరంలో కణాలు నిత్యం చనిపోతూ ఉంటాయి. అప్పుడు వాటిలోని డి.ఎన్.ఎ. తునకలు కొన్ని రక్తంలో కలుస్తాయి. క్యాన్సరు కణాల తునకలు కూడా అలాగే కలుస్తాయి గాని, వాటి గుర్తులు వేరు. కొన్నిటిలో కె-రాస్ వంటి జన్యువులు మారి ఉంటాయి. కొన్నిటిలో సెప్టిన్-9 అనే జన్యువు మీద మిథైల్ అనే రసాయనం అంటుకొని ఉంటుంది. ఎంతో కాలంగా చేస్తున్న సి.ఇ.ఎ. పరీక్ష వేరు. అది జన్యువును కాదు, ఒక ప్రోటీనును కొలుస్తుంది.

ఎంతవరకు నమ్మవచ్చు?

అమెరికాలో సెప్టిన్-9 పరీక్షకు 2016లో, షీల్డ్ అనే పరీక్షకు 2024లో అనుమతి లభించింది. షీల్డ్ 45 ఏళ్లు దాటి, ఏ లక్షణాలూ లేనివారి కోసం ఉద్దేశించినది. 2024లో ప్రచురించిన అధ్యయనంలో ఇది క్యాన్సరు ఉన్న ప్రతి 100 మందిలో 83 మందిని గుర్తించింది. మిగిలిన 17 మందికి ఏమీ లేదన్నట్టే ఫలితం వచ్చింది. క్యాన్సరుగా మారే ప్రమాదం ఎక్కువగా ఉన్న పాలిప్స్, అంటే ప్రేగు లోపలి పొక్కుల వంటి పెరుగుదలలు, ఉన్న 100 మందిలో 13 మందినే గుర్తించగలిగింది. ఈ రెండూ లేని 100 మందిలో సుమారు 10 మందికి తేడా ఉన్నట్టు చూపింది.

కొలనోస్కోపీలో పాలిప్‌ను చూసి, అప్పుడే తీసివేయవచ్చు. అలా క్యాన్సరు రాకముందే ఆపవచ్చు. రక్త పరీక్ష ఆ పని చేయలేదు. అందులో తేడా వచ్చినా చివరికి కొలనోస్కోపీ చేయవలసిందే.

ఆపరేషను తరువాత

ఇక్కడ ఈ పరీక్ష మరింత ఆశ కలిగిస్తోంది. రెండవ దశ పెద్దప్రేగు క్యాన్సరుకు ఆపరేషను అయిన 455 మందిపై ఆస్ట్రేలియాలో జరిగిన అధ్యయనం 2022లో వెలువడింది. రక్తంలో క్యాన్సరు డి.ఎన్.ఎ. మిగిలి ఉన్నవారికే కీమోథెరపీ ఇవ్వగా, అది 100 మందిలో 15 మందికే అవసరమైంది. మామూలు పద్ధతిలో 28 మందికి ఇచ్చారు. రెండేళ్ల తరువాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు రెండు వర్గాలలోను ఇంచుమించు సమానమే. అయితే ఇది రెండవ దశ వారి మాట. డాక్టరు చెప్పకుండా ఎవరూ కీమో మానుకోకూడదు.

మీరు చేయవలసినది

• మలంలో రక్తం పడితే మొలలే అనుకొని పసరు మందులతో నెలలు గడపకండి.
• విరేచనపు అలవాటు మారి వారాల తరబడి అలాగే ఉన్నా, కారణం తెలియకుండా రక్తం తగ్గినా, బరువు తగ్గినా డాక్టరుకు చూపించుకోండి.
• తల్లిదండ్రులకు గాని తోబుట్టువులకు గాని ఈ జబ్బు వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుతో తప్పక చెప్పండి.

ఈ లక్షణాలు ఉన్నప్పుడు రక్త పరీక్ష బాగానే ఉందని నిశ్చింతగా ఉండిపోవద్దు. సిగ్గుపడి దాచుకున్న జబ్బు ముదురుతుంది. తొలిదశలోనే చెప్పుకుంటే నయమయ్యే అవకాశం ఎంతో ఎక్కువ.