బండి ఒక పక్కకు లాగుతోందా? కారణం వెదికే వరుస

పాలు పితకడం ఒక ఎత్తు, అవి చెడకుండా చల్లబరచే కేంద్రానికి చేరడం మరొక ఎత్తు. ఉమ్మడి విశాఖపట్నం జిల్లా పల్లెల్లో ఈ రెండో పని చాలాచోట్ల పాత బండ్ల మీదే సాగుతోంది. అంబాసిడర్ కారు తయారీ 2014లో ఆగిపోయింది. మారుతి ఓమ్నీ తయారీ 2019లో ఆగిపోయింది. అయినా ఇవీ, పాత మహీంద్రా జీపులూ ఇంకా మన రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి. సభ్యుల ఇళ్ళలో సొంత కార్లుగా ఉన్నవీ చాలావరకు పాతవే.

పాత బండి గురించి తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటి ఉంది: "స్టీరింగ్ కాస్త వదిలితే చాలు, ఒక పక్కకు లాగేస్తోంది." దీనికి మనవాళ్ళు చేసేది రెండు విధాలు. కొందరు స్టీరింగ్‌ను రెండో పక్కకు పట్టి నడపడం అలవాటు చేసుకుంటారు. మరికొందరు నేరుగా అలైన్‌మెంట్ షాపుకు తీసుకువెళ్ళి డబ్బు కట్టి వస్తారు. మొదటిది ప్రమాదం. రెండోది చాలాసార్లు దండుగ.

పశువుకు జ్వరం వచ్చిందంటే అది రోగం పేరు కాదు, రోగం ఉందనే గుర్తు మాత్రమే. బండి లాగడం కూడా అంతే. కారణం కనుక్కోవడానికి ముందుగా వేయవలసిన ప్రశ్న "ఎటు లాగుతోంది?" అన్నది కాదు, "ఎప్పుడు లాగుతోంది?" అన్నది. ఈ పాఠమంతా ఆ ప్రశ్న చుట్టూనే ఉంటుంది.

1. ఏది లాగడం, ఏది కాదు

మూడు వేర్వేరు ఫిర్యాదులను మనం ఒకే మాటతో చెబుతుంటాం. వీటిని విడదీయాలి.

(అ) బండి ఎప్పుడూ ఒకే పక్కకు పోతుంటే అది లాగడం.

(ఆ) ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి పోతూ నిలకడ లేకుండా ఉంటే అది లాగడం కాదు. స్టీరింగ్‌లో, టై రాడ్ ఎండ్లలో, కింగ్ పిన్నులలో లేదా చక్రాల బేరింగులలో వదులు వచ్చిందన్న మాట. మెకానిక్కులు దీనినే "ప్లే" అంటారు.

(ఇ) బండి తిన్నగానే పోతుంది కాని స్టీరింగ్ చక్రం వంకరగా నిలుస్తుంది. ఇది సాధారణంగా టై రాడ్ల సర్దుబాటులో వచ్చిన తేడా.

డ్రైవరు ఈ మూడింటిలో ఏది జరుగుతోందో స్పష్టంగా చెప్పగలిగితే మెకానిక్కుకు సగం పని తగ్గుతుంది.

2. తప్పు రోడ్డుదా, బండిదా?

వాన నీరు నిలవకుండా రోడ్డును మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. తారు రోడ్డుకు ఈ వాలు సుమారు నూటికి రెండు వంతులు ఉంటుంది. మన దేశంలో ఎడమ పక్కన నడుపుతాం కనుక మంచి బండి కూడా కొద్దిగా ఎడమకు జరగడం సహజం. ఇది దోషం కాదు.

విశాఖ పరిసరాలలో మరొక సంగతి ఉంది. ఓడరేవు 1933లో ప్రారంభమైంది. ఉక్కు కర్మాగారాన్ని 1992లో జాతికి అంకితం చేశారు. ఈ రెండింటికీ సరుకు మోసే బరువు లారీలు తిరిగే రోడ్ల మీద చక్రాల దారి వెంట గాడులు పడుతుంటాయి. ఆ గాడిలో పడిన చిన్న బండి గాడి ఎటు పోతే అటే పోతుంది. సముద్రం వైపు రోడ్లలో పక్క గాలి కూడా బండిని నెడుతుంది.

కాబట్టి పరీక్ష ఎప్పుడూ సమతలంగా, ఖాళీగా, విశాలంగా ఉన్న చోట చేయాలి. జనం తిరగని గట్టి మైదానం లేదా సిమెంటు ఆవరణ మంచిది. ఒకే గీత మీద ముందు ఒక దిశలోను, తరువాత తిరిగి వచ్చి ఎదురు దిశలోను నెమ్మదిగా నడపండి. వెళ్ళేటప్పుడు ఎడమకు, వచ్చేటప్పుడు కుడికి, అంటే రెండుసార్లూ మైదానంలో ఒకే వైపుకు లాగితే తప్పు నేలదో గాలిదో. రెండుసార్లూ డ్రైవరుకు ఒకే చేతి పక్కకు లాగితే తప్పు బండిదే.

3. ఖర్చు లేని మూడు పరీక్షలు

గాలి: తక్కువ గాలి ఉన్న ముందు టైరు వైపుకు బండి లాగుతుంది. ఒక పక్క 28 పౌండ్లు, రెండో పక్క 20 పౌండ్లు ఉంటే బండి 20 ఉన్న వైపుకు పోతుంది. ప్రయాణానికి ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. ఎంత ఉండాలన్నది ఆ బండి పుస్తకంలో చూచుకోవాలి. పది రోజులకోసారి ఒకే టైరులో గాలి తగ్గుతుంటే మళ్ళీ మళ్ళీ గాలి కొట్టించడం మాని పంక్చరో, వాల్వో చూపించండి.

బరువు: 40 లీటర్ల క్యానులో పాలే 41 కిలోలకు పైగా తూగుతాయి. పది క్యాన్లయితే 400 కిలోలు దాటుతుంది. క్యాను బరువు దీనికి అదనం. ఇవన్నీ ఒక పక్కకు చేరిస్తే ఆ పక్క కమాన్లు కుంగి, టైరు నొక్కుకొని బండి నడక మారుతుంది. ఖాళీ బండి తిన్నగా పోయి, పాలతో లాగుతుంటే ముందుగా క్యాన్ల అమరిక చూడండి. రెండు పక్కలా సమంగా పేర్చి, కదలకుండా తాడు కట్టాలి.

టైర్లు: ముందు రెండు టైర్లూ ఒకే రకానివి, ఒకే కొలతవి, దాదాపు ఒకే అరుగుదల ఉన్నవై ఉండాలి. ఒక పక్క రేడియల్, ఒక పక్క పాత నైలాన్ టైరు వేయరాదు. టైరు మీద అనుమానం ఉంటే ముందు చక్రాలు రెండింటినీ ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి నడిపి చూడండి. లాగుడు కూడా పక్క మారితే, లేదా పోతే, దోషం టైరులోనే ఉంది. మారకపోతే టైరుది కాదు. ఒకే దిశలో తిరగాలని బాణం గుర్తు ఉన్న టైర్లను మాత్రం ఇలా మార్చకూడదు.

4. ఎప్పుడూ లాగుతుంటే

పై మూడూ సరిగా ఉండి, బ్రేకు వేయకపోయినా బండి లాగుతుంటే ఈ వరుసలో చూడాలి.

బ్రేకు పట్టి ఉండడం: నాలుగైదు కిలోమీటర్లు, వీలయినంత తక్కువగా బ్రేకు వాడి నడపండి. ఆపి, ఒక్కొక్క చక్రం దగ్గర అరచేయి వెనుక భాగం పెట్టి వేడి చూడండి. ముట్టుకోకండి, కాలుతుంది. పొదుగువాపు అనుమానం ఉన్నప్పుడు నాలుగు చన్నుల పాలనూ విడివిడిగా ఎలా పరీక్షిస్తామో, అలాగే నాలుగు చక్రాలనూ విడివిడిగా చూడాలి. మిగతా మూడింటి కంటే ఒకటి ఎక్కువ వేడిగా ఉంటే అక్కడ బ్రేకు వదలడం లేదు. బండి ఆ వైపుకే లాగుతుంది. సముద్రపు ఉప్పు గాలికి వీల్ సిలిండర్లు, హ్యాండ్ బ్రేకు కేబుళ్ళు తుప్పు పట్టి బిగుసుకుపోవడం మన తీరప్రాంతంలో మామూలే. పాత రబ్బరు బ్రేకు పైపు లోపల ఉబ్బి, నూనెను పోనిచ్చి తిరిగి రానివ్వకపోవడం మరొక కారణం. పైపు పైకి బాగానే కనిపిస్తుంది.

ఎత్తు: సమతలం మీద ఆపి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు రెండు పక్కలా కొలవండి. ఒక పక్క బాగా తక్కువగా ఉంటే ఆ పక్క స్ప్రింగు కుంగింది. జీపులో ముందు కమాను పట్టీ విరిగి ఉండవచ్చు. అంబాసిడర్ ముందు భాగంలో కమాన్లు ఉండవు, టార్షన్ బార్లు ఉంటాయి. అవి ఒక పక్క దిగితే తెలిసిన మెకానిక్కు సరిచేయగలడు.

ఇరుసు జరగడం: కమాను పట్టీలను కలిపి ఉంచే సెంటర్ బోల్టు తెగితే ఇరుసు ఒక పక్క ముందుకో వెనుకకో జరుగుతుంది. చక్రాలు తిన్నగా ఉంచి, ముందు చక్రం మధ్య నుంచి వెనుక చక్రం మధ్యకు తాడుతో రెండు పక్కలా కొలిచి చూడండి. స్పష్టమైన తేడా ఉంటే యు బోల్టులు, సెంటర్ బోల్టు విప్పించి చూడాలి. వెనుక నుంచి చూస్తే అలాంటి బండి పీత నడిచినట్లు ఏటవాలుగా పోతుంది.

5. బ్రేకు వేసినప్పుడు మాత్రమే లాగితే

సభ్యులు తప్పక గుర్తుంచుకోవలసిన భాగం ఇదే. మామూలుగా తిన్నగా పోయే బండి బ్రేకు వేయగానే ఎడమకు లాగితే చాలామంది ఎడమ చక్రం విప్పిస్తారు. కాని బండి ఎక్కువగా బ్రేకు పడుతున్న వైపుకు లాగుతుంది. అంటే ఎడమ బ్రేకు తన పని తాను చేస్తుండగా, కుడి బ్రేకు పనిచేయకపోయి ఉండవచ్చు. కాబట్టి రెండు డ్రమ్ములూ విప్పించాలి. ముఖ్యంగా లాగే వైపుకు ఎదురు చక్రాన్ని వదలకూడదు.

కుడి బ్రేకు పనిచేయకపోవడానికి సాధారణ కారణాలు: వీల్ సిలిండర్ బిగుసుకుపోవడం, దాని నుంచి నూనె కారి లైనింగు తడవడం, హబ్బులోని గ్రీజు సీలు పోయి డ్రమ్ములోకి రావడం, రెండు పక్కల సర్దుబాటు సమంగా లేకపోవడం. ఓమ్నీ వంటి ముందు డిస్కు బ్రేకుల బండ్లలో క్యాలిపర్ పిన్నులు తుప్పు పట్టి కదలకపోవడం ఇంకొకటి.

నూనె తాగిన లైనింగును పెట్రోలుతో కడిగి మళ్ళీ బిగించడం మంచిది కాదు. మార్చాలి. ఎప్పుడూ రెండు పక్కలా కలిపే మార్చాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది వేస్తే మళ్ళీ లాగుడు మొదలవుతుంది. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు కనుక డ్రమ్ములోని పొడిని నోటితో గాని, గాలి పైపుతో గాని ఊదరాదు. తడి గుడ్డతో తుడవాలి. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రెండేళ్ళకోసారి మార్పిస్తే సిలిండర్లు తుప్పు పట్టకుండా ఉంటాయి.

వానాకాలంలో నీటిలోంచి వచ్చిన వెంటనే కాసేపు బ్రేకు ఒక పక్కకు లాగవచ్చు. నెమ్మదిగా నడుపుతూ రెండు మూడుసార్లు తేలికగా బ్రేకు అదిమితే ఆరిపోతుంది. ఆరిన తరువాత కూడా లాగితే విప్పి చూడవలసిందే.

6. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఇంకొకలా ఉంటే

వెనుక చక్రాలు తిప్పే బండిలో ఇలా జరిగితే వెనుక ఇరుసు తన చోట గట్టిగా లేదు. వెనుక కమాన్ల యు బోల్టులు, షాకిల్ బుష్షులు చూపించండి. స్టీరింగ్ జోలికి పోనవసరం లేదు.

7. చివరిగా అలైన్‌మెంట్

పైవన్నీ చూసిన తరువాతనే అలైన్‌మెంట్‌కు వెళ్ళాలి. వదులుగా ఉన్న కింగ్ పిన్ను మీద, అరిగిన బుష్షు మీద చేసిన అలైన్‌మెంట్ మొదటి గోతిలోనే పోతుంది. ఒక్క టో సరిచేసినంత మాత్రాన లాగుడు సాధారణంగా పోదు. టో తప్పితే టైర్లు అరుగుతాయి, స్టీరింగ్ వంకర అవుతుంది. లాగుడుకు కారణమయ్యేది రెండు పక్కల మధ్య క్యాంబర్, క్యాస్టర్ తేడా. చక్రం పై అంచు ఎటు పక్క ఎక్కువగా బయటికి వాలితే బండి అటు పోతుంది. క్యాస్టర్ ఏ పక్క తక్కువైతే ఆ పక్కకు పోతుంది. అందుచేత షాపులో మూడు కొలతలూ, రెండు పక్కలవీ, సరిచేయక ముందువీ తరువాతవీ కాగితం మీద అడిగి తీసుకోండి.

8. ఒక ఉదాహరణ

ఒక సంఘం జీపు ఎడమకు లాగుతోందని డ్రైవరు చెప్పాడనుకుందాం. కార్యదర్శి "ఎప్పుడు?" అని అడిగాడు. "బ్రేకు వేసినప్పుడే." గాలి సమంగా ఉంది, క్యాన్లు సమంగా ఉన్నాయి, బ్రేకు లేకుండా తిన్నగా పోతోంది. అయితే ఐదో భాగానికి రావాలి. రెండు డ్రమ్ములూ విప్పిస్తే కుడి లైనింగు గ్రీజుతో తడిసి ఉంది. సీలు, రెండు పక్కల లైనింగులు మార్చితే పని అయిపోతుంది. ఇదే జీపును నేరుగా అలైన్‌మెంట్‌కు పంపితే బిల్లు కట్టి, అదే గ్రీజు లైనింగుతో మాడుగుల దాటి పాడేరు ఘాట్ దిగేవారు. దిగుడులో బ్రేకు వేసినప్పుడు బండి లోయ వైపుకో, ఎదురు బండి వైపుకో మళ్ళితే నష్టపోయేది పాలు మాత్రమే కాదు.

గుర్తుంచుకోవలసినవి

• బ్రేకు వేసినప్పుడు లాగే బండిని మరమ్మతు అయ్యే వరకు పాలకు గాని, మనుషులకు గాని వాడకూడదు.
• నిన్నటి వరకు లేని లాగుడు ఈ రోజు హఠాత్తుగా వస్తే వెంటనే ఆపి గాలి, చక్రాల నట్లు, కమాన్లు చూడాలి.
• జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కిందికి ఎవరూ దూరకూడదు. గట్టి దిమ్మలు పెట్టాలి, మిగతా చక్రాలకు అడ్డు వేయాలి.
• సొంత కార్లకు 15 ఏళ్ళు నిండితే రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించుకోవాలి. అందుకు బండిని తనిఖీకి చూపాలి. ఆ రోజు కోసం ఆగకుండా పై పరీక్షలు ముందే చేసుకోండి.

సంఘ సమావేశంలో చర్చించుకోవడానికి ప్రశ్నలు

1. మన పాల బండి ముందు టైర్లలో గాలి చివరిసారి ఎప్పుడు కొలిచాము? ఎవరు రాసి ఉంచుతున్నారు?
2. బండి బ్రేకు వేసినప్పుడు కుడికి లాగితే ముందుగా ఏ పక్క అనుమానించాలి? ఎందుకు?
3. క్యాన్లు ఎక్కించే వరుస రెండు పక్కలా సమంగా ఉందా?
4. డ్రైవరు చెప్పిన లోపం రాయడానికి సంఘంలో ఒక పుస్తకం ఉందా? అందులో "ఎప్పుడు లాగుతోంది" అనే గడి ఉందా?